అప్‌డేట్ కొట్టాక లేవని ఉబుంటు సర్వర్: ఒక కేస్ స్టడీ

విజయవాడలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్. ఊళ్లోని కలెక్షన్ సెంటర్ల నుంచి వచ్చే శాంపిళ్ల నమోదు, రిపోర్టులు, బిల్లింగ్ అంతా ఒకే సర్వర్ మీద నడుస్తుంది. ఉబుంటు 22.04, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దాని ముందు ఒక వెబ్ అప్లికేషన్. సర్వర్‌ని మొదట 18.04తో ఇన్‌స్టాల్ చేశారు. తర్వాత 20.04కి, అక్కణ్నుంచి 22.04కి పెంచుకుంటూ వచ్చారు. రూట్, అంటే సిస్టమ్ మొత్తం ఉండే ప్రధాన ఫైల్‌సిస్టమ్, ఎల్‌వీఎం మీద ఉంది. డిస్కుల చోటుని వాల్యూమ్‌లుగా పంచే ఏర్పాటు అది. బూట్‌కి, అంటే సర్వర్ లేవడానికి కావాల్సిన ఫైళ్లకి, విడిగా 512 ఎంబీ పార్టిషన్ ఉంది. ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యమైన అంకె ఆ 512.

రోజువారీ పనులు అక్కడి ఐటీ కుర్రాడు చూసుకుంటాడు. చేయి దాటిపోతే నాకు ఫోన్ చేస్తారు. ఆదివారం మధ్యాహ్నం కౌంటర్ ఖాళీగా ఉండే వేళ చూసుకుని అతను అప్‌డేట్ చేశాడు. "అన్నా, అప్‌డేట్ కొట్టి రీబూట్ ఇచ్చాను. పింగ్ రావట్లేదు. స్క్రీన్ మీద ఏదో ప్యానిక్ అని ఉంది." సాయంత్రం శాంపిళ్లు మొదలయ్యేలోపు సర్వర్ లేవాలి. ల్యాబ్ యజమాని ఫోన్ అందుకుని అడిగిన మొదటి ప్రశ్న, "డేటా ఉందా పోయిందా?"

ఆ ప్రశ్నకు స్క్రీన్ ఫొటో చూసిన నిమిషంలోనే సమాధానం చెప్పగలిగాను. సిస్టమ్‌కి గుండె లాంటి కెర్నల్, రూట్‌ని మౌంట్ చేయకముందే, అంటే తెరిచి వాడకముందే, ఆగిపోయింది. అంటే ఆ బూట్‌లో కెర్నల్ డిస్క్ మీద ఒక్క బైటు కూడా రాయలేదు. రీబూట్‌కి ముందు షట్‌డౌన్ కూడా మామూలుగానే జరిగింది. డేటా ఎక్కడుందో అక్కడే ఉంది, దాని దగ్గరికి వెళ్లే దారి మూసుకుపోయింది, అంతే. ఈ మాట ముందే చెప్పడం చాలా అవసరం. చెప్పకపోతే టెన్షన్‌లో ఎవరో ఒకరు మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దామంటారు, అసలు నష్టం అప్పుడు జరుగుతుంది.

ఎక్కడ ఆగింది?

"సర్వర్ లేవట్లేదు" అన్న మాటతో ఏమీ తేలదు. ఎంతదాకా లేచి ఆగిందో తెలియాలి. ముందు మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్, తర్వాత సెక్యూర్ బూట్ కోసం సంతకం ఉన్న చిన్న ప్రోగ్రామ్ షిమ్, కెర్నల్‌ని ఎక్కించే గ్రబ్, ఆ తర్వాత కెర్నల్, రూట్‌ని తెరవడానికి తోడ్పడే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, చివరికి సర్వీసులన్నీ మొదలుపెట్టే సిస్టమ్‌డీ. ఆగిన చోటుని బట్టి స్క్రీన్ మీద గుర్తు మారుతుంది. ఫర్మ్‌వేర్ దగ్గరే ఆగితే బూట్ అయ్యే పరికరం లేదనో, సెక్యూర్ బూట్ సంతకం కుదరలేదనో వస్తుంది. గ్రబ్‌కి తన ఫైళ్లు దొరక్కపోతే గ్రబ్ రెస్క్యూ ప్రాంప్ట్ వస్తుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ దాకా వచ్చి రూట్ దొరక్కపోతే బిజీబాక్స్ అనే చిన్న కమాండ్ షెల్‌లో వదిలేస్తుంది. సిస్టమ్‌డీ దాకా వచ్చి, ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో రాసుండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో తప్పుంటే ఎమర్జెన్సీ మోడ్ అని చెప్పి ఆగిపోతుంది.

అప్‌డేట్ తర్వాత లేవలేదనగానే చాలామందికి 2020 జులై గుర్తొస్తుంది. గ్రబ్‌లోని బూట్‌హోల్ లోపానికి వచ్చిన ప్యాచ్ వేసుకున్నాక కొన్ని రెడ్‌హ్యాట్, సెంట్‌ఓఎస్ మెషీన్లు బూట్ కాలేదు. షిమ్‌ని పాత వెర్షన్‌కి దింపి బయటపడాల్సి వచ్చింది. కానీ అలాంటి కేసుల్లో కెర్నల్ మాట స్క్రీన్ మీదికి రానే రాదు. ఇక్కడ కెర్నల్ మాట్లాడుతోంది కాబట్టి షిమ్, గ్రబ్ తమ పని తాము చేశాయని తేలిపోయింది. వాటి జోలికి పోనక్కర్లేదు. బూట్ సమస్య అనగానే గ్రబ్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. అవసరం లేనిచోట అది కొత్త సమస్యలు తెచ్చిపెడుతుంది.

ఫొటోలో చివరి వరుస ఇది: "కెర్నల్ ప్యానిక్, నాట్ సింకింగ్: వీఎఫ్‌ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)". ఈ వరుసలో అందరూ ప్యానిక్ అన్న మాట చూసి ఆగిపోతారు. చూడాల్సింది బ్రాకెట్లలోని అంకెల్ని. మొదటిది డివైస్ మేజర్ నంబర్, రెండోది మైనర్. సాధారణ సాటా, ఎస్‌ఏఎస్ డిస్కుల మేజర్ నంబర్ 8. అక్కడ (8,2) అని ఉండి ఉంటే, రూట్ ఏ పార్టిషనో కెర్నల్‌కి తెలిసింది, దాన్ని తెరవలేకపోయింది అనుకుని డిస్క్ వైపో ఫైల్‌సిస్టమ్ వైపో వెతికేవాళ్లం. (0,0) అంటే రూట్ అని మనం చెప్పిన పేరుకి ఏ డివైసూ కుదరలేదని అర్థం. దానికి కొంచెం పైన, ఎల్‌వీఎం రూట్ పేరు రాసి, దాన్ని తెరవలేకపోయానని, ఎర్రర్ మైనస్ 6 అని ఉంది. అలాంటి డివైస్ లేదు అని చెప్పే నంబర్ అది.

ఎల్‌వీఎం వాల్యూమ్‌ని కెర్నల్ తనంతట తాను తయారుచేసుకోలేదు. డిస్కులు వెతికి, వాల్యూమ్ గ్రూప్‌ని గుర్తుపట్టి, దాన్ని యాక్టివేట్ చేసే టూల్స్ కెర్నల్ బయట, యూజర్‌స్పేస్‌లో ఉంటాయి. ఆ టూల్స్ ఉండేది రూట్ ఫైల్‌సిస్టమ్‌లో. రూట్ ఉండేది ఎల్‌వీఎంలో. బీరువా తాళం చెవి బీరువాలోనే ఉన్నట్టు. అందుకే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న ఫైల్‌సిస్టమ్‌ని గ్రబ్ ముందుగానే మెమరీలోకి ఎక్కిస్తుంది. అవసరమైన డ్రైవర్లు, ఎల్‌వీఎం టూల్స్ అందులో ఉంటాయి. ఉబుంటులో ఎల్‌వీఎం రూట్ పెట్టుకుని (0,0) ప్యానిక్ చూశారంటే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అసలు ఎక్కలేదని నా మొదటి అనుమానం. అది ఎక్కి, లోపల తప్పు జరిగి ఉంటే ప్యానిక్ కాకుండా బిజీబాక్స్ షెల్ వచ్చేది.

గ్రబ్ మెనూలో కనిపించింది

వీడియో కాల్‌లో కుర్రాడి చేత రీసెట్ చేయించాను. ముందు బూట్ విఫలమైతే ఉబుంటు గ్రబ్ అది గుర్తుపెట్టుకుని, ఈసారి మెనూని 30 సెకన్లు చూపిస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే 6.8 సిరీస్ కెర్నల్ ఒకటి, 5.15 సిరీస్ కెర్నళ్లు కొన్ని వరుసగా ఉన్నాయి. పాత కెర్నల్ ఎంచుకుంటే లేచిపోవాలి. మామూలుగా అప్‌డేట్ కేసులు ఇక్కడే తేలిపోతాయి. ఇక్కడ తేలలేదు. పాతదానికీ అదే ప్యానిక్, అవే అంకెలు.

కొత్త కెర్నల్ ఒక్కటే పడిపోతే తప్పు కొత్త కెర్నల్‌లో ఉందనుకోవచ్చు. రీబూట్ ముందు దాకా ఏడాదికి పైగా నడిచిన కెర్నల్ కూడా పడిపోయిందంటే తప్పు అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నచోట ఉంది. మెనూలో ఒక ఎంట్రీ మీద నిలబడి "ఇ" కీ నొక్కమన్నాను. ఎంట్రీ లోపలి వరుసలు తెరుచుకున్నాయి. లినక్స్ అని మొదలయ్యే వరుస ఉంది. దాని కింద, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైలుని ఎక్కించడానికి, ఇనిట్‌ఆర్‌డీ అని మొదలయ్యే వరుస ఉండాలి. లేదు. మిగతా ఎంట్రీలు కూడా ఒక్కోటి తెరిచి చూశాం. ఒక్కదాంట్లోనూ ఆ వరుస లేదు.

తర్వాత "సి" నొక్కి గ్రబ్ కమాండ్ లైన్‌లోకి వెళ్లి, బూట్ పార్టిషన్‌లోని ఫైళ్లను సైజులతో సహా చూపించమన్నాం. వీఎమ్‌లినజ్ అనే కెర్నల్ ఫైళ్లన్నీ ఉన్నాయి. ఇనిట్‌ఆర్‌డీ అన్న పేరు కూడా కనిపించింది, కాసేపు ఆశ పుట్టింది. కానీ దాని పక్కన సైజు ఉండాల్సినచోట వరుసగా ప్రశ్నార్థకాలు. అది సింలింక్, అంటే వేరే ఫైలుకి దారి చూపే పేరు మాత్రమే. అది చూపే అసలు ఫైలు లేదు.

అప్పుడు కుర్రాడిని అడిగాను, తిట్టే గొంతుతో కాదు, క్రమం తెలుసుకోవడానికి. అప్‌డేట్ మధ్యలో "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని వచ్చిందట. బూట్ పార్టిషన్ 100 శాతం నిండి ఉంది. సైజుల వారీగా పెట్టి చూస్తే పైన ఉన్నవన్నీ ఇనిట్‌ఆర్‌డీ ఫైళ్లు, ఒక్కోటీ వంద ఎంబీకి అటూ ఇటూ. పాత కెర్నళ్లవి కదా అని వాటిని చేత్తో తీసేశాడు. వీఎమ్‌లినజ్ ఫైళ్లు ఒక్కోటీ పది, పదిహేను ఎంబీ మించవు కాబట్టి వాటిని ముట్టుకోలేదు. తర్వాత గ్రబ్ మెనూని మళ్లీ రాసే అప్‌డేట్-గ్రబ్ నడిపి, ఎర్రర్ ఏమీ రాకపోతే రీబూట్ ఇచ్చాడు. అప్‌డేట్-గ్రబ్ దృష్టిలో వీఎమ్‌లినజ్ ఉంటే కెర్నల్ ఉన్నట్టే. పక్కన ఇనిట్‌ఆర్‌డీ లేకపోతే ఆ వరుస లేకుండానే ఎంట్రీ రాసేస్తుంది, అది తప్పని చెప్పదు. ఎల్‌వీఎం లేని కొన్ని ఏర్పాట్లలో ఇనిట్‌ఆర్‌డీ లేకుండా బూట్ అవ్వడం సాధ్యమే కాబట్టి దాని వైపు నుంచి అది న్యాయమే.

చాలా రిపోర్టులు ఇక్కడితో ఆగిపోతాయి: ఫలానా వ్యక్తి ఫైళ్లు తీసేశాడు, అందుకే సర్వర్ పడిపోయింది. నా దృష్టిలో ఇది సగం కూడా కాదు. అతను పాత కెర్నళ్ల ఫైళ్లు తీశాడు. కొత్త 6.8 కెర్నల్ ఇనిట్‌ఆర్‌డీని తీయలేదు. మరి అది ఎందుకు లేదు? అసలు పార్టిషన్ ఎందుకు నిండింది?

లైవ్ డిస్క్ నుంచి లోపలికి

ఉబుంటు 22.04 సర్వర్ ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, పైనున్న హెల్ప్ మెనూలోంచి షెల్‌లోకి వెళ్లాం. ఇన్‌స్టాలర్ తెరల్లో ముందుకి వెళ్లొద్దని రెండుసార్లు చెప్పాను. వాల్యూమ్ గ్రూప్‌ని యాక్టివేట్ చేసి రూట్‌ని మౌంట్ చేశాం. రూట్‌లోని ఎఫ్‌స్టాబ్ చదివి, అందులోని యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) ప్రకారం బూట్ పార్టిషన్‌ని, దాని లోపల ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ని మౌంట్ చేశాం. ఆ తర్వాత డెవ్, ప్రోక్, సిస్, రన్ డైరెక్టరీలను బైండ్ చేసి సీహెచ్‌రూట్, అంటే పెన్‌డ్రైవ్ మీద నడుస్తూనే సర్వర్ సిస్టమ్ లోపలికి వెళ్లడం. రన్‌ని చాలామంది వదిలేస్తారు. ఉబుంటులో డీఎన్‌ఎస్ అమరిక ఉండే రిజాల్వ్.కాన్ఫ్ అనేది రన్ లోపలికి పోయే సింలింక్ కాబట్టి, అది లేకపోతే సీహెచ్‌రూట్‌లో డీఎన్‌ఎస్ పనిచేయదు, ప్యాకేజీలు తెచ్చే ఆప్ట్ ఏమీ దించుకోలేదు.

ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ మందిని దెబ్బతీసేది బూట్ పార్టిషన్‌ని మౌంట్ చేయడం మర్చిపోవడం. మర్చిపోతే సీహెచ్‌రూట్‌లో బూట్ డైరెక్టరీ ఖాళీగా కనిపిస్తుంది, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఆ ఖాళీ డైరెక్టరీలో చక్కగా తయారవుతుంది, ఒక్క ఎర్రర్ కూడా రాదు. రీబూట్ చేస్తే మళ్లీ అదే ప్యానిక్. అందుకే ఏదీ రాయకముందు ఫైండ్‌మౌంట్‌తో బూట్ నిజంగా వేరే పార్టిషనేనా అని చూపించమన్నాను.

రిపేర్‌కి ముందు లాగ్ చదివాం. ఆప్ట్ లాగ్ డైరెక్టరీలో టర్మ్.లాగ్ అని ఒకటి ఉంటుంది. అప్‌డేట్ నడిచేటప్పుడు స్క్రీన్ మీద వచ్చే ప్రతి అక్షరం అందులో ఉంటుంది. పాతవి నెలనెలా కంప్రెస్ అయి పక్కనే ఉంటాయి. 6.8 కెర్నల్ పేరు పెట్టి వెతికితే దొరికింది: ఫైలుని కుదించే జెడ్‌ఎస్‌టీడీ రాయలేకపోయింది, చోటు లేదు. ఆ వెంటనే ఇనిట్‌ఆర్‌డీ తయారీ విఫలం. ఆ వెంటనే కెర్నల్ పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ రిటర్న్ కోడ్ 1తో బయటికి. తేదీ చూస్తే ఆ ఆదివారానిది కాదు. కొన్ని వారాల కిందటిది.

అంటే సర్వర్ ఆదివారం పాడవలేదు. వారాల కిందట, రాత్రిపూట అన్అటెండెడ్ అప్‌గ్రేడ్స్ తనంతట తాను కెర్నల్ వేసిన రోజునే పాడైంది. ఆప్ట్ కింద ప్యాకేజీలను వేసే డీపీకేజీ ఆ కెర్నల్ ప్యాకేజీని సగం కాన్ఫిగర్ అయినట్టు గుర్తు పెట్టింది. లిస్ట్‌లో దాని ముందు "ఐఎఫ్" అన్న రెండక్షరాలు ఉన్నాయి. ఆ తర్వాత ప్రతి రాత్రి పరుగూ అదే ఎర్రర్‌తో ముగిసింది. మెయిల్ అమరిక ఖాళీగా ఉంది కాబట్టి ఎవరికీ కబురు అందలేదు. సర్వర్ మాత్రం మెమరీలో ఉన్న పాత కెర్నల్‌తో హాయిగా నడుస్తూనే ఉంది. ఆ మధ్యలో ఎప్పుడైనా కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి ఉంటే ఎవరూ ఏ ఫైలూ తీయకుండానే ఇబ్బంది వచ్చే అవకాశం ఉండేది. అప్పటికి పాత కెర్నళ్ల ఇనిట్‌ఆర్‌డీలు ఉన్నాయి కాబట్టి మెనూలోంచి తేలిగ్గా బయటపడేవాళ్లు, తేడా అంతే.

ఇక పార్టిషన్ ఎందుకు నిండిందన్నది. ఉబుంటు పాత కెర్నళ్లను ఆటోరిమూవ్‌లో తీసేస్తుంది. ప్రస్తుతం నడుస్తున్నదాన్ని, కొత్తవాటిని మాత్రం ఉంచుతుంది. ఇక్కడ తీయలేదు. ఆప్ట్-మార్క్‌తో చేత్తో వేసినవని గుర్తున్న ప్యాకేజీల జాబితా అడిగితే 5.15 కెర్నళ్లు అందులో కనిపించాయి. ఎప్పుడో ఒక డ్రైవర్ కోసం ఎవరో పూర్తి వెర్షన్ నంబర్ రాసి ఆ కెర్నళ్లను ఇన్‌స్టాల్ చేశారు. అలా వేసినవాటిని యజమాని కావాలని పెట్టుకున్నవిగా ఆప్ట్ భావిస్తుంది, ఆటోరిమూవ్ వాటిని ముట్టుకోదు. పైగా ఏడాదిగా రీబూట్ లేదు కాబట్టి నడుస్తున్న పాత కెర్నల్‌కి కూడా రక్షణ ఉంది. 512 ఎంబీలో అవన్నీ సర్దుకుని, కొత్త ఇనిట్‌ఆర్‌డీకి చోటు మిగల్లేదు. కొత్తది పూర్తిగా తయారయ్యాకే పాతదాని స్థానంలోకి వస్తుంది కాబట్టి, ఉన్న కెర్నల్‌కే ఇనిట్‌ఆర్‌డీని మళ్లీ కట్టాలన్నా కాసేపు రెండింటికీ చోటుండాలి. లెక్క వేసేటప్పుడు ఇది మర్చిపోతారు.

రిపేర్ క్రమం

సీహెచ్‌రూట్‌లో యూనేమ్ అడిగితే వచ్చేది పెన్‌డ్రైవ్ కెర్నల్ వెర్షన్. మన సర్వర్‌ది కాదు. అంటే "నడుస్తున్న కెర్నల్‌ని తీయకూడదు" అన్న ఆప్ట్ రక్షణ ఇక్కడ మనకు పనికిరాదు. ఆటోరిమూవ్ వదిలేసి, ఉంచాల్సిన రెండు వెర్షన్ల పేర్లు ముందుగా కాగితం మీద రాయించాను: ఏడాదిగా నడిచిన 5.15, కొత్త 6.8. మిగతావాటిని పేరుపేరునా, ఇమేజ్, మాడ్యూల్స్, ఎక్స్‌ట్రా మాడ్యూల్స్ కలిపి, ఆప్ట్‌తోనే పర్జ్ చేశాం, అంటే పూర్తిగా తీసేశాం. సగం కాన్ఫిగర్ అయిన ప్యాకేజీ అడ్డొచ్చి ఆప్ట్ మొరాయిస్తే డీపీకేజీతో నేరుగా తీయొచ్చు. ఇక్కడ ఆ అవసరం రాలేదు.

తర్వాత ముందు పాత కెర్నల్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కట్టాం. కొత్తదాన్ని కాదు. ఏడాదిగా ఈ హార్డ్‌వేర్ మీద నడిచిందని రుజువున్నది పాతదే. ఫైలు అసలు లేదు కాబట్టి అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌కి అప్‌డేట్ ఆప్షన్ కాకుండా క్రియేట్ ఆప్షన్ ఇచ్చి, వెర్షన్ పేరు పూర్తిగా రాశాం. అది అయ్యాక డీపీకేజీని మిగిలిన కాన్ఫిగరేషన్ పూర్తి చేయమంటే 6.8 ఇనిట్‌ఆర్‌డీ కూడా తయారై, గ్రబ్ మెనూ మళ్లీ రాసుకుంది. ఎల్‌ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌తో రెండు ఫైళ్ల లోపలా ఎల్‌వీఎం టూల్ ఉందని చూశాం. గ్రబ్ కాన్ఫిగ్‌లో ప్రతి లినక్స్ వరుస కింద ఇనిట్‌ఆర్‌డీ వరుస ఉందని చూశాం. అన్నీ అన్‌మౌంట్ చేసి, పెన్‌డ్రైవ్ తీసి, మెనూలో పాత కెర్నల్ ఎంచుకుని బూట్ చేశాం. లేచింది. పోస్ట్‌గ్రెస్ లాగ్‌లో రికవరీ కూడా అక్కర్లేకుండా, ముందు శుభ్రంగా షట్‌డౌన్ అయిన గుర్తుతో మొదలైంది. సాయంత్రం బ్యాచ్ సమయానికే నమోదైంది. 6.8 మీదికి మారడం ల్యాబ్ మూసేశాక రాత్రి చేశాం.

ఆ తర్వాత మార్చినవి

ఇనిట్‌ఆర్‌డీ సైజు తగ్గించడానికి, అన్ని డ్రైవర్లూ కాకుండా ఈ మెషీన్‌కి కావాల్సినవే వేసుకునే అమరిక ఒకటుంది. ఫైలు బాగా చిన్నదవుతుంది. నేను వద్దన్నాను. రేపు డిస్క్ కంట్రోలర్ చెడిపోయి వేరే బాక్స్‌లో డిస్కులు పెట్టాల్సి వస్తే ఆ చిన్న ఇనిట్‌ఆర్‌డీలో కొత్త కంట్రోలర్ డ్రైవర్ ఉండదు, ఇదే తలనొప్పి మళ్లీ వస్తుంది. బదులుగా ఉంచిన 5.15 ప్యాకేజీలను ఆటో గుర్తుకి మార్చాం. ఇకమీదట వాటి వంతు వచ్చినప్పుడు అవే పోతాయి.

మానిటరింగ్‌లో రూట్, డేటా డిస్కులకే అలర్టులు ఉన్నాయి. బూట్ చిన్నది, మారదు అని వదిలేశారు. దానికీ అలర్ట్ పెట్టాం, శాతం మీద కాకుండా ఖాళీ ఎంబీల మీద. 150 ఎంబీ కన్నా తక్కువ మిగిలితే తర్వాతి కెర్నల్ పట్టదని అర్థం. దాంతోపాటు డీపీకేజీ ఆడిట్ రోజూ ఒకసారి నడిచి, ఏ ప్యాకేజీ అయినా సగంలో ఆగి ఉంటే మెయిల్ చేస్తుంది. నాకు ఈ రెండోదే ఎక్కువ విలువైనదనిపిస్తుంది, ఎందుకంటే చోటు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా మళ్లీ కంపైల్ అయ్యే డీకేఎంఎస్ డ్రైవర్ మాడ్యూల్ కంపైల్ కాకపోయినా ప్యాకేజీ అలాగే సగంలో ఆగిపోతుంది.

ఏడాది అప్‌టైమ్‌ని గొప్పగా చెప్పుకోవడం ఆ ల్యాబ్‌లోనే కాదు, చాలాచోట్ల విన్నాను. రీబూట్ చేయని సర్వర్ మళ్లీ లేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఇప్పుడు నెలకో ఆదివారం రీబూట్ పెట్టాం, ఈ ఏర్పాటుతో: గ్రబ్ డిఫాల్ట్‌ని సేవ్డ్ అని పెట్టి, నడిచిందని తెలిసిన కెర్నల్‌ని అందులో భద్రపరిచాం. కొత్త కెర్నల్ వస్తే గ్రబ్-రీబూట్ కమాండ్‌తో ఒక్క బూట్‌కి మాత్రమే దాన్ని ఎంచుకుంటాం. కెర్నల్ కమాండ్ లైన్‌లో ప్యానిక్=30 అని చేర్చాం. కొత్తది ప్యానిక్ అయితే 30 సెకన్ల తర్వాత మెషీన్ తనంతట తాను రీసెట్ అయి పాతదానిలోకి వస్తుంది, ఎవరూ కీబోర్డ్ ముట్టుకోనక్కర్లేదు. గ్రబ్ తన ఎన్విరాన్‌మెంట్ ఫైలులో రాయగలిగితేనే ఇది పనిచేస్తుంది. ఇక్కడ బూట్ ఎల్‌వీఎం బయట మామూలు ఎక్స్‌ట్4 పార్టిషన్‌లో ఉంది కాబట్టి కుదిరింది. బూట్ డైరెక్టరీ ఎల్‌వీఎం లోపలే ఉన్నచోట దీన్ని నమ్ముకోకూడదు.

512 ఎంబీ పార్టిషన్‌ని మాత్రం పెంచలేదు. దాని వెనకే ఎల్‌వీఎం పార్టిషన్ ఆనుకుని ఉంది, దాన్ని జరపడం ఒక ల్యాబ్ డేటాతో చేయాల్సిన సాహసం కాదు. 24.04కి వెళ్లేటప్పుడు కొత్త డిస్కుల మీద మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసి, బూట్‌కి 2 జీబీ ఇచ్చి, డేటాబేస్‌ని డంప్ నుంచి ఎక్కించాలని అనుకున్నాం. అందాకా ఆ పార్టిషన్‌లో రెండు కెర్నళ్లే ఉంటాయి.